స్వల్పవ్యయముతో ఆటల కంప్యూటరు: భాగములను ఎన్నుకొను విధము

మన పాఠశాలయందు పై తరగతుల విద్యార్థులలో పలువురు ఇటీవల ఒకే ప్రశ్నను మాటిమాటికి అడుగుచున్నారు: "తక్కువ సొమ్ముతో ఆటలాడుటకు తగిన కంప్యూటరును సమకూర్చుకొనుట ఎట్లు?" ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయుట తగదని మాకు తోచినది. ఏలయన, జహీరాబాదు ప్రాంతమున అట్టి యంత్రమునకు వెచ్చించు సొమ్ము పెక్కు యిండ్లలో చెఱకు పైకమో, అల్లము పంట పైకమో, కర్మాగారపు జీతమునుండి నెలనెల కూడబెట్టినదో అయి యుండును. ఒకసారి తప్పుగా కొన్నచో నాలుగైదేండ్లవఱకు మఱల కొనుటకు వీలుండదు. పైగా ఆ యింటి పిల్లలకు చదువుకొనుటకును, ప్రోగ్రాములు వ్రాయుటకును, చిత్రములు గీయుటకును ఆ యంత్రమే ఆధారమగును. కావున దాని భాగములను ఎన్నుకొను విధమును ఈ పాఠమునందు క్రమముగా వివరింపదలచితిమి.

మొదటనే సారాంశమును చెప్పెదము. ఆటల కంప్యూటరును ఎన్నుకొనుట యనగా పెద్ద పేరుగల భాగమును వెదకుట కాదు. ఒకదాని బలమునకు మఱియొకటి సరిపోవునట్లు కూర్చుట. ఈ సూత్రమొక్కటి మనస్సునందు నిలిచినచో తక్కినదంతయు లెక్కలవలన తేలును.

1. భాగములు విడివిడిగా దొరకుటకు కారణము

1981లో ఐ.బి.ఎమ్. సంస్థ వెలువరించిన పర్సనల్ కంప్యూటరు చాలవఱకు బజారున దొరకు భాగములతోనే నిర్మింపబడినది. అందువలన ఇతర సంస్థలును దానికి సరిపడు భాగములను తయారుచేయ మొదలిడినవి. 1995లో ఇంటెల్ సంస్థ ఏ.టి.ఎక్స్. అను కొలతల నియమమును ప్రకటించినది. బోర్డునందు మరల రంధ్రములు ఎక్కడ నుండవలయునో, విద్యుత్తు తీగ లెట్లుండవలయునో అది నిర్ణయించును. ఒక సంస్థ చేసిన పెట్టెలో మఱియొక సంస్థ చేసిన బోర్డు నేటికిని అమరుచున్నదన్న ఈ నియమమే కారణము. ఇట్టి స్వేచ్ఛ మనకు లాభమే. కాని ఎన్నిక భారమును అది మనపైననే మోపుచున్నది.

2. తెరపై బొమ్మ కదలు విధము

తెరపై కనబడు ఆట నిజమునకు ఒకదాని వెనుక నొకటి వచ్చు నిశ్చల చిత్రముల వరుస. సినిమాయందు సెకనుకు 24 చిత్రములు గడచును. కంప్యూటరు ఆటయందు సెకనుకు 60 చిత్రములున్నచో చూపునకు సాఫీగా తోచును. అయితే సినిమా చిత్రములు ముందే తీసి యుంచినవి. ఆటలోని చిత్రములు ఆటగాడు మీట నొక్కిన పిదప అప్పటికప్పుడు గీయబడవలయును. ఒక సెకనును 60 భాగములు చేసినచో ఒక్కొక్క చిత్రమునకు దొరకు కాలము 16.67 మిల్లీసెకనులు మాత్రమే.

ఇక చుక్కల లెక్క చూతము. సాధారణమైన పూర్ణ హెచ్.డి. తెరపై అడ్డముగ 1920, నిలువుగ 1080 చుక్కలుండును. రెంటిని హెచ్చింపగా 20,73,600. సెకనుకు 60 చిత్రములు గీయుటకు 12,44,16,000 చుక్కలకు రంగు నిర్ణయింపవలయును. 4కె అని పిలువబడు తెరపై 3840, 2160 చొప్పున 82,94,400 చుక్కలుండును. అనగా సరిగా నాలుగు రెట్లు. తెర పెద్దదగుకొలది యంత్రముపై బరువు ఎట్లు పెరుగునో ఇందువలన తెలియును.

ఈ పనిని భాగములు పంచుకొనును. ఏ వస్తువు ఎక్కడనున్నది, ఎవరు గెలిచిరి, బంతి ఎటు పోవును అను లెక్కలను ప్రాసెసరు చేయును. ఆ లెక్కలనుబట్టి చుక్కలకు రంగులు వేయుట గ్రాఫిక్సు కార్డు పని. పని జరుగుచున్నంతసేపు సరకులను చేతికందునట్లు పఱచియుంచు అరుగు ర్యాము. సరకంతయు శాశ్వతముగా నిలువయుండు గాదె ఎస్.ఎస్.డి. అందఱిని కలుపు బాట మదరుబోర్డు. అందఱికిని విద్యుత్తును కొలిచి పంచునది ఎస్.ఎమ్.పి.ఎస్.

ఒక కాడికి బలమైన ఎద్దును, బక్క ఎద్దును కట్టినచో బండి బక్కదాని నడకనే నడచునని మన రైతు బిడ్డలకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ప్రాసెసరు సెకనుకు 120 చిత్రములకు చాలు లెక్కలను సిద్ధపఱచినను, కార్డు 40 మాత్రమే గీయగలిగినచో తెరపై కనబడునవి 40 మాత్రమే. మిగిలిన బలమునకై పెట్టిన సొమ్ము ఆటకు ఉపయోగపడదు.

3. మొదట అడుగవలసిన ప్రశ్నలు

దుకాణమునకు పోవుటకు ముందే రెండు ప్రశ్నలకు సమాధానములను కాగితముపై వ్రాసికొనవలయును. ఏ ఆటలు ఆడుదుము? ఏ తెరపై ఆడుదుము?

2020లో వచ్చిన వలొరంట్, 2023లో వచ్చిన కౌంటర్ స్ట్రైక్ 2, చిన్నపిల్లలు సహితము ఎఱిగిన మైన్‌క్రాఫ్ట్ మొదలగునవి ప్రాసెసరు వేగముపై ఎక్కువగా ఆధారపడును. 2019లో కంప్యూటరుపైకి వచ్చిన రెడ్ డెడ్ రిడెంప్షన్ 2, 2020 నాటి సైబర్‌పంక్ 2077 మొదలగునవి అడవులు, నగరములు, నీడలు, ప్రతిబింబములు గలవి. వీనికి గ్రాఫిక్సు కార్డు బలము ముఖ్యము. మొదటి రకము మాత్రమే ఆడువాడు పెద్ద కార్డు కొనుట దండుగ. రెండవ రకము కోరువాడు కార్డునందు పొదుపుచేసి ప్రాసెసరుపై కుమ్మరించుటయు దండుగయే.

స్వల్పవ్యయమున కొనువారికి పూర్ణ హెచ్.డి. తెరయే తగినదని మా అభిప్రాయము. అంతకు మించిన తెరను కొన్నచో దానికి తగిన కార్డునకు సొమ్ము చాలదు.

4. రెండు కొటేషన్లు

ఇప్పుడు ఒక తండ్రి చేతికి రెండు కొటేషన్లు వచ్చినవనుకొందము. మొదటిదానియందు ఇట్లున్నది: "ఐ7 ప్రాసెసరు, 16 జి.బి. ర్యాము, 4 జి.బి. గ్రాఫిక్సు కార్డు, 500 వాట్ల ఎస్.ఎమ్.పి.ఎస్., రంగుదీపముల క్యాబినెట్టు." రెండవదానియందు: "కోర్ ఐ3-12100ఎఫ్ ప్రాసెసరు, 8 జి.బి. ర్యాములు రెండు, రేడియాన్ ఆర్.ఎక్స్. 6600 కార్డు 8 జి.బి., 500 జి.బి. ఎస్.ఎస్.డి., 80 ప్లస్ గుర్తుగల 450 వాట్ల ఎస్.ఎమ్.పి.ఎస్., ముందు జాలిగల సాదా క్యాబినెట్టు." మొదటిదాని వెల తక్కువ, పేరు పెద్ద. రెండవదాని వెల ఎక్కువ, పేరు చిన్న. ఏది మేలు?

మొదటిదానియందు "ఐ7" అని యున్నదే గాని ఏ ఐ7 అన్నది లేదు. అది ఐ7-2600 అయినచో 2011 జనవరిలో వెలువడినది. దానియందు కోర్లు నాలుగు. 2022 జనవరిలో వచ్చిన ఐ3-12100ఎఫ్ నందును కోర్లు నాలుగే; కాని పదునొకండేండ్లలో ఒక్కొక్క కోరు చేయగల పని ఎంతయో పెరిగినది. కావున చిన్న పేరుగల క్రొత్తది పెద్ద పేరుగల ప్రాతదానిని సులువుగా మించును. పైగా విండోస్ 11నకు ఇంటెల్ ఎనిమిదవ తరమును, ఆ పై తరములను మాత్రమే మైక్రోసాఫ్టు అంగీకరించుచున్నది. విండోస్ 10నకు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 పై వలొరంట్ ఆడుటకు టి.పి.ఎమ్. 2.0 అను భద్రతా సాధనము కూడ ఉండవలయును. కావున "ఐ" తరువాతి అంకెకంటె దాని పిదప వచ్చు సంఖ్యయే ముఖ్యము. అది లేని కొటేషనును మఱల వ్రాయించుకొనవలయును.

అట్లే "4 జి.బి. గ్రాఫిక్సు కార్డు" అన్నచోట కార్డు పేరు లేదు. అది 2014లో వచ్చిన జి.టి. 730 యొక్క 64 బిట్ల డి.డి.ఆర్.3 రకమైనచో, దాని మెమొరీ సెకనుకు 14.4 జి.బి. సమాచారమును మాత్రమే అందింపగలదు. ఆర్.ఎక్స్. 6600 మెమొరీ సెకనుకు 224 జి.బి. అందించును, అనగా పదునైదు రెట్లకు మించి. తొట్టి పెద్దదైనను కుళాయి సన్ననిదైనచో పొలము తడవదు గదా. జి.బి. యనునది తొట్టి పరిమాణము మాత్రమే. కుళాయి వెడల్పును వేఱుగ అడుగవలయును.

5. ఒక్కొక్క భాగము

గ్రాఫిక్సు కార్డు. ఆటల యంత్రమున పెద్ద వాటా దీనిదే. పూర్ణ హెచ్.డి. తెరకు నేడు 8 జి.బి. మెమొరీగల కార్డును కోరుట మంచిది. 2021లో వచ్చిన రేడియాన్ ఆర్.ఎక్స్. 6600 (132 వాట్లు), 2023లో వచ్చిన జిఫోర్స్ ఆర్.టి.ఎక్స్. 4060 (115 వాట్లు) ఈ తరగతికి కొలబద్దలు. వీనితో పోల్చి క్రొత్తవానిని తూచవచ్చును. 2022 నాటి ఆర్.ఎక్స్. 6500 ఎక్స్.టి. విషయమున మాత్రము ఒక మెలిక కలదు. అది బోర్డుతో నాలుగు దారులద్వారా మాత్రమే మాటలాడును. బోర్డుగాని ప్రాసెసరుగాని ప్రాత పి.సి.ఐ.ఇ. 3.0 రకమైనచో ఆ దారుల వేగము సగమై ఆట కుంటుపడును. 2024 డిసెంబరులో వచ్చిన ఇంటెల్ ఆర్క్ బి580 నందు 12 జి.బి. మెమొరీ కలదు, కాని రీసైజబుల్ బార్ అను సౌకర్యము లేని ప్రాత యంత్రమున అది తన శక్తిని చూపజాలదు. కార్డు మంచిదైనంతమాత్రమున చాలదు. అది మన బోర్డునకు మంచిది కావలయును.

ప్రాసెసరు. నాలుగు కోర్ల ఐ3-12100ఎఫ్ కనీసము. ఆరు కోర్లుగల ఐ5-12400ఎఫ్ గాని రైజెన్ 5 5600 గాని మఱింత మేలు. పేరు చివర నుండు అక్షరమును గమనింపవలయును. ఇంటెల్ ప్రాసెసరులందు "ఎఫ్" ఉన్నచో లోపల చిత్రశక్తి లేదని యర్థము. విడి కార్డు లేకున్న తెరపై ఏమియు కనబడదు. ఏ.ఎమ్.డి. వారి 5600జి, 8600జి వంటివానియందు "జి" యను అక్షరము లోపల చిత్రశక్తి కలదని తెలుపును.

మదరుబోర్డు. ఇది ప్రాసెసరు పీటకు సరిపోవలయును. ఏ.ఎమ్.డి. వారి ఏ.ఎమ్.4 పీటపై డి.డి.ఆర్.4 ర్యాము నడచును. 2022లో వచ్చిన ఏ.ఎమ్.5 పీట డి.డి.ఆర్.5నే అంగీకరించును. ఒకదాని ర్యాము మఱియొకదానికి పట్టదు. ఏ.ఎమ్.4లో ఏ520 రకపు బోర్డు చౌకయే గాని పి.సి.ఐ.ఇ. 3.0 వఱకే పోవును. బి550 రకము 4.0 వఱకు పోవును. ప్రాత బోర్డులపై క్రొత్త ప్రాసెసరు పనిచేయుటకు బయాస్ మార్పు అవసరము కావచ్చును; దానిని దుకాణముననే చేయించుకొని వెలుగుట చూచి కదలవలయును.

ర్యాము. 16 జి.బి. కావలయును, కాని ఒకటే పలకగా కాక 8 జి.బి. పలకలు రెండుగా కొనుట మేలు. డి.డి.ఆర్.4-3200 పలక యొక్కటి సెకనుకు 25.6 జి.బి. అందించును. రెండు పలకలు రెండు మార్గములందున్నచో 51.2 జి.బి. అందును. ప్రాసెసరులోని చిత్రశక్తితోనే ఆడువారికి ఈ భేదము మిక్కిలి కనబడును. ఇంటికి తెచ్చిన పిదప బయాసునందు ఎక్స్.ఎమ్.పి. యను అమరికను తెఱవనిచో, ర్యాము తన పూర్తి వేగమున నడువకపోవచ్చునని మఱువరాదు.

ఎస్.ఎస్.డి. తిరుగు పళ్ళెముల హార్డుడిస్కు సెకనుకు సుమారు 150 ఎమ్.బి. చదువగలిగిన, సాటా ఎస్.ఎస్.డి. సుమారు 550, ఎన్.వి.ఎమ్.ఇ. రకములు వేలకొలది ఎమ్.బి. చదువును. దీనివలన ఆట త్వరగా తెఱచుకొనును గాని చిత్రముల సంఖ్య అంతగా పెరుగదు. కావున మిక్కిలి వేగమైనదానికై అధిక ధర పెట్టనక్కఱలేదు. నేటి పెద్ద ఆటలు కొన్ని ఒక్కొక్కటియే 100 జి.బి. మించును, అందుచే 500 జి.బి. కనీసము.

ఎస్.ఎమ్.పి.ఎస్. పొదుపు పేరిట ఎవ్వరును కోయరాని భాగమిది. ఇతర భాగములు నాసివైన ఆట మందగించును. ఇది నాసిదైన తక్కిన భాగములు కాలిపోవచ్చును, యింటికే ప్రమాదము రావచ్చును. పెట్టెపై పెద్ద అక్షరములతో "500 వాట్లు" అని యున్నంతమాత్రమున నమ్మరాదు. ప్రక్కనున్న చీటీపై 12 వోల్టుల వరుసను చూడుడు. ప్రాసెసరును, కార్డును పోషించునది అదియే. అచ్చట 36 ఆంపియర్లున్న 12 × 36 = 432 వాట్లు; మంచిది. 18 ఆంపియర్లే యున్న 12 × 18 = 216 వాట్లు. మన రైజెన్ 5 5600 గరిష్ఠముగ 76 వాట్లును, ఆర్.ఎక్స్. 6600 132 వాట్లును గైకొనును, మొత్తము 208. అట్టి దానియందు మిగులు 8 వాట్లే. పంకాలకును చాలని ఆ మిగులుతో యంత్రము ఆట నడుమ ఆరిపోవుట వింత కాదు. 80 ప్లస్ గుర్తును కోరుడు; గైకొన్న విద్యుత్తులో కనీసము నూటికి 80 పాళ్ళు పనికి వచ్చునట్లు పరీక్షింపబడినదని దాని యర్థము.

క్యాబినెట్టు. వేసవియందు మన యూర 40 డిగ్రీలు దాటు దినములు కలవు. వెలుపలి గాలియే అంత వేడియైనపుడు ముందు అద్దము బిగించిన పెట్టెలో ప్రాసెసరు ఉడికిపోవును. మిక్కిలి వేడెక్కినచో తన్ను తాను కాపాడుకొనుటకై వేగమును తగ్గించుకొనును. అనగా సొమ్ముపెట్టి కొన్న వేగమును వేడిమి హరించును. కావున ముందు జాలి, లోనికి గాలి తెచ్చు పంకాలు రెండు, వెనుకకు త్రోయు పంకా ఒకటి చాలును. రంగుదీపములు చిత్రముల సంఖ్యను ఒక్కటియు పెంచవు. మన యెఱ్ఱమట్టి దుమ్ము జాలికి పట్టును గనుక నెలకొకసారి శుభ్రము చేయవలయును. యంత్రమును నేలపై గాక బల్లపై నుంచవలయును.

6. సొమ్మును పంచు విధము

ధరలు వారమువారము మారును. 2025 సంవత్సరాంతమున మెమొరీ ధరలు ఎంతగా పెరిగినవో కొన్నవారెఱుగుదురు. కావున వెలలను వ్రాయుటకంటె నూటికి పాళ్ళు చెప్పుట మేలు. తెర, కీబోర్డు, మౌసు గాక పెట్టెకు మాత్రము మా సూచన యిది:

గ్రాఫిక్సు కార్డు 36, ప్రాసెసరు 17, మదరుబోర్డు 14, ర్యాము 12, ఎస్.ఎస్.డి. 8, ఎస్.ఎమ్.పి.ఎస్. 8, క్యాబినెట్టు 5. మొత్తము 100.

రూ. 50,000 ఉన్నవనుకొన్నచో కార్డునకు 18,000, ప్రాసెసరునకు 8,500, బోర్డునకు 7,000, ర్యామునకు 6,000, ఎస్.ఎస్.డి.కి 4,000, ఎస్.ఎమ్.పి.ఎస్.కు 4,000, క్యాబినెట్టునకు 2,500 వచ్చును. ఇది కత్తితో కోసిన కొలత కాదు. ర్యాము ధర పెరిగినపుడు కార్డునుండియో బోర్డునుండియో కొంత తీయవలసి వచ్చును, ఎస్.ఎమ్.పి.ఎస్. వాటాను మాత్రము తాకరాదు.

ఇంత సొమ్ము లేని యిండ్లవారు నిరాశపడనక్కఱలేదు. వారు రెండు మెట్లుగా ఎక్కవచ్చును. మొదటి యేట 5600జి వంటి ప్రాసెసరు, రెండు ర్యాము పలకలు, మంచి ఎస్.ఎమ్.పి.ఎస్. కొనవలయును. కార్డు లేకయే చదువు సాగును, తేలికయైన ఆటలును నడచును. రెండవ యేట పంట చేతికి వచ్చినపుడు కార్డును చేర్చవచ్చును. 5600జి పి.సి.ఐ.ఇ. 3.0 వఱకే పోవును గనుక, అప్పుడు నాలుగు దారుల కార్డును విడిచి ఎనిమిది గాని అంతకు మించి గాని దారులుగలదానిని ఎన్నుకొనవలయును. మొదటి కొటేషనువలె పేరు పెద్దదిగ నున్న ప్రాత యంత్రమును కొనుటకంటె ఈ మార్గము ఎంతయో క్షేమము. ఏలయన ఇందు మొదట కొన్నదేదియు పారవేయ నక్కఱలేదు.

7. ఇంటి విద్యుత్తు

యంత్రము పూర్తి బరువున నున్నపుడు ప్రాసెసరు 76, కార్డు 132, తక్కినవి సుమారు 50. మొత్తము 258 వాట్లు. నూటికి 80 పాళ్ళ సామర్థ్యమున గోడనుండి గైకొనునది 258 ÷ 0.80 = 322.5 వాట్లు. తెరకు 25 చేర్చిన 347.5. బజారున సాధారణముగ దొరకు 600 వి.ఏ. యు.పి.ఎస్. సుమారు 360 వాట్లనే మోయును. అనగా అంచున నిలిచినట్లు. 1000 వి.ఏ. రకము కొన్నచో నిశ్చింత. దినమునకు 2 గంటల చొప్పున 30 దినములు పూర్తి బరువున నడిపిన ఖర్చగునది సుమారు 21 యూనిట్లు. ఈ లెక్కను తలిదండ్రులకు ముందే చూపుట న్యాయము.

ఎర్తు తీగ లేని సాకెట్టునందు ఈ యంత్రమును పెట్టరాదు. పెట్టెను ముట్టిన చురుక్కుమన్నచో ఎర్తు లేదనియో తెగినదనియో అనుమానించి, వెంటనే ఆపి, ఎలక్ట్రీషియనును పిలువవలయును.

8. బజారు

విడిభాగములకు మన ప్రాంతమువారు ఎక్కువగా పోవు స్థలము సికింద్రాబాదు పార్కులేనునందలి చెనాయ్ ట్రేడ్ సెంటరు. 65వ జాతీయ రహదారిపై సదాశివపేట, సంగారెడ్డి, పటాన్‌చెరుల మీదుగ నూఱు కిలోమీటర్లకు పైబడిన ప్రయాణము. అంతదూరము మాటిమాటికి తిరుగలేము గనుక పోవుటకు ముందే భాగముల పూర్తి పేర్లు, సంఖ్యలు వ్రాసికొని, రెండు మూడు దుకాణముల ధరలను, అంతర్జాలమునందలి ధరలను పోల్చుకొనవలయును.

బిల్లు లేక కొన్నచో జి.ఎస్.టి. మిగులునని చెప్పువారుందురు. కాని బిల్లు లేనిచో వారంటీ కోరుటకు ఆధారముండదు. మూడేండ్ల హామీని ఆ కొద్దిపాటి మిగులునకు అమ్ముకొనుట తెలివి కాదు. బిల్లుపై ప్రతి భాగపు పేరును, సీరియలు సంఖ్యయు ఉండునట్లు చూడుడు.

వాడిన కార్డులు కొనదలచువారికి ఒక మాట. 2022 సెప్టెంబరు 15వ తేదివఱకు ఇథీరియము అను డిజిటలు నాణెమును సంపాదించుటకై ప్రపంచమున లక్షలకొలది కార్డులు రేయింబవళ్ళు నడుపబడినవి. ఆ దినమున ఆ పద్ధతి మారుటతో పెక్కు కార్డులు వాడిన సరకుగా బజారునకు వచ్చినవి. వానిలో మంచివియు కలవు. అయినను ఎదుట అరగంటసేపు పెద్ద ఆటను నడిపించి, పంకా శబ్దము, వేడిమి, తెరపై మచ్చలు గమనింపక డబ్బు చెల్లింపరాదు. వాడిన ఎస్.ఎమ్.పి.ఎస్.ను మాత్రము ఎంత చౌకయైనను కొనరాదు.

బస్సులో తెచ్చునపుడు బరువైన కార్డును ఊడదీసి దాని పెట్టెలోనే యుంచి తేవలయును. బిగించియే తెచ్చిన కుదుపులకు బోర్డు చీలవచ్చును. ఇంట బిగించిన పిదప తెర తీగను బోర్డునకు గాక కార్డునకే తగిలింపవలయును. ఈ చిన్న విషయము తెలియక "కార్డు పనిచేయుట లేదు" అని తిరిగి సికింద్రాబాదునకు పోవువారు కలరు.

9. తలిదండ్రులకును విద్యార్థులకును

తలిదండ్రులారా, ఆటల యంత్రమనగానే భయపడవలదు. ఆటకు చిత్రము గీయు కార్డే బ్లెండరు వంటి ఉచిత సాధనముతో బొమ్మలు చేయుటకును, వీడియోలు కూర్చుటకును, ప్రోగ్రాములు నేర్చుటకును తోడ్పడును. కాని ఆటకు ఎన్ని గంటలన్నది యంత్రము నిర్ణయించునది కాదు. కొనుటకు ముందే యింటివారందఱు కూర్చుండి నిర్ణయించుకొనవలసినది.

విద్యార్థులారా, మీరు అడుగుచున్నది మీ తలిదండ్రుల కష్టార్జితము. "నాకు ఐ7 కావలయును" అని అడుగుటకంటె, ఏ భాగము ఎందుకు కావలయునో, ఎంతలో వచ్చునో, విద్యుత్తు ఎంత ఖర్చగునో ఒక కాగితముపై లెక్కగట్టి వారి యెదుట నుంచుడు. ఆ కాగితమును చూచి వారు "కాదు" అన్నను మీరు నేర్చినది మీతోనే యుండును. ఏ.ఎమ్.డి., ఎన్విడియా, మైక్రాన్ వంటి సంస్థలకు హైదరాబాదునందే ఇంజనీరింగు కేంద్రములు కలవు. నేడు ఈ భాగములను ఎన్నుకొనుట నేర్చినవారిలో కొందఱు రేపు వానిని రూపొందించువారగుట మాకు మిక్కిలి సంతోషము.

అభ్యాసములు

1. 2560, 1440 చుక్కల తెరపై సెకనుకు 60 చిత్రములకు ఎన్ని చుక్కలు? పూర్ణ హెచ్.డి.కంటె ఎన్ని రెట్లు?

2. ఒక ఎస్.ఎమ్.పి.ఎస్. చీటీపై 12 వోల్టుల యెదుట 30 ఆంపియర్లున్నవి. మన పాఠములోని ప్రాసెసరునకును కార్డునకును అది చాలునా? ఎంత మిగులును?

3. రూ. 45,000లను పైన చెప్పిన పాళ్ళ ప్రకారము పంచుడు. ర్యామునకు అదనముగ రూ. 2,000 కావలసి వచ్చినచో ఏ భాగమునుండి తీయుదురు? కారణము వ్రాయుడు.

4. మీ యింట కంప్యూటరున్నచో దాని ప్రాసెసరు పూర్తి పేరును, వెలువడిన సంవత్సరమును కనుగొని, దాని కాడిలో బక్క ఎద్దు ఏదియో తేల్చుడు.